పులిహోరకు జపాను చుట్టం

ఈమధ్య మన విశాఖపట్నంలో హోటలు పెట్టేవారికి ‘భోజనం, ఫలహారములు’ అని బోర్డు రాయిస్తే చాలడం లేదు. బీచి రోడ్డు మీద, సిరిపురం వైపు, సాయంకాలం అలా షికారు వెళితే చాలు, ‘పాన్ ఏషియన్’, ‘ఏషియన్ ఫ్యూజన్’, ‘సుషీ’ అనే మాటలు రంగురంగుల దీపాల్లో మెరుస్తూ కనిపిస్తాయి. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనక, కొత్త మాట కంటబడితే నాకు నోరూరేకంటె ముందే దాని వ్యుత్పత్తి మీదికి మనసు పోతుంది. ఈ ఫ్యూజన్ అనేదాన్ని మనం ఏమందాం? సంధి అందామా, సమాసం అందామా? గుణసంధిలో అకారమూ ఇకారమూ కలిస్తే ఏకారం వస్తుంది. మొదటి రెండూ మాయమైపోతాయి. సమాసంలో అలా కాదు. రెండు పదాలూ పక్కపక్కనే నిక్షేపంగా కనిపిస్తూ వుంటాయి, అర్థం మాత్రం ఒకటవుతుంది. ఇక కలవకూడని మాటల్ని బలవంతాన కలిపితే దాన్ని వైరిసమాసం అంటాం. కొన్ని హోటళ్ళ పట్టీల్లో మూడు రకాలూ వుంటాయి. మచ్చుకి, చాక్లెట్ దోసె ఏ సమాసమో చదువరులు నేను చెప్పకుండానే గ్రహిస్తారు.

మా అమ్మాయికి ఉద్యోగమైంది. మొదటి జీతం అందగానే తల్లికి చీరో, తండ్రికి పంచెల చాపో కొనడం పాత ఆచారం. ఇప్పటి పిల్లలు హోటలుకి తీసుకుపోతున్నారు. అలా మేం నలుగురం, అమ్మాయీ, మా ఆవిడా, మా అత్తగారూ, నేనూ, వొక ఆదివారం రాత్రి అటువంటి ఏషియన్ ఫ్యూజన్ హోటలుకు బయల్దేరాం. హోటలు పేరుతో మనకు పనిలేదు. గోడల మీద వెదుళ్ళ బొమ్మలు, బల్ల మీద నల్లటి పళ్ళాలు, చెంచాలకు బదులు రెండేసి పుల్లలు. మా అత్తగారికి డెబ్బయి దాటాయి. ఆవిడ ఆ పుల్లల్ని చూసి ఏమీ అనలేదు. మా ఆవిడ మాత్రం అమ్మాయి చెవిలో, “పచ్చిచేప పెడతారటే?” అంది భయంభయంగా.

ఈ ప్రశ్న మా ఆవిడొక్కత్తెదే కాదు. సుషీ పేరు చెప్పగానే మన ఇళ్ళలో నూటికి తొంభైమందికి వచ్చే సందేహం ఇదే. అంచేత ముందు దాని సంగతి తేల్చుకుందాం.

సుషీ అంటే పచ్చిచేప కాదు. పచ్చిచేప ముక్కల్ని అన్నం లేకుండా వడ్డిస్తే దాన్ని జపానువారు సషిమి అంటారు. సుషీకి ప్రాణం అన్నం. ఆ మాటకు పాత జపాను భాషలో పుల్లనిది అని అర్థం. జిగురుగా వుండే పొట్టిగింజ బియ్యాన్ని వండి, అందులో సిర్కా, కాస్త పంచదార, కాస్త ఉప్పు కలిపి, విసనకర్రతో విసురుతూ చల్లారుస్తారు. పక్కన పెట్టేది చేపా, రొయ్యా, గుడ్డు అట్టా, దోసకాయ ముక్కా అనేది తరవాతి సంగతి. ఇప్పుడు మన పులిహోర మాట చూడండి. ‘పులి’ అంటే పులుపు. ‘ఓగిరము’ అంటే అన్నం. కన్నడంవారి పుళియోగరె, అరవంవారి పుళియోదరై దీనికి తోబుట్టువులు. అంటే వాళ్ళ సుషీకీ మన పులిహోరకూ పేరు ఒక్కటే, పుల్లన్నం. మనం చింతపండు పిండాం, వాళ్ళు సిర్కా పోశారు. అంతే తేడా.

ఈ సంగతి బల్ల దగ్గర చెప్పేసరికి మా ఆవిడ మొహం కాస్త తేటపడింది. “అయితే నాకు దోసకాయ పులిహోర చెప్పండి” అంది.

నిజానికి సుషీ పుట్టింది జపానులో కాదనీ, ఆగ్నేయాసియాలో వరి పండించే నదీ తీరాల్లోననీ పండితుల అభిప్రాయం. అక్కడివాళ్ళు నదిలో పట్టిన చేపను ఉప్పు వేసి, వండిన అన్నంలో పొదిగి, నెలల తరబడి దాచేవారు. అన్నం పులిసి ఆ పులుపు చేపను చెడకుండా కాపాడేది. తినేటప్పుడు చేపను తీసుకుని అన్నాన్ని పారేసేవారు! మనం ఆవకాయలో ముక్కను తిని ఊటను పారబోసినట్టు. జపానులో బీవా సరస్సు దగ్గర ఈ పాతపద్ధతి ‘ఫునాజుషి’ ఇప్పటికీ చేస్తున్నారు. రానురాను జనానికి ఓపిక తగ్గింది. పులిసేదాకా ఎవరు కాచుకుంటారు, సిర్కా పోస్తే సరిపోదా అన్నారు. అప్పటినించి అన్నాన్ని పారేయడం మానేశారు. 1820ల నాటికి, అప్పట్లో ఎదో అనే పేరున్న ఇప్పటి టోక్యో నగరంలో, వీధి బళ్ళ దగ్గర అన్నాన్ని వేళ్ళతో నొక్కి దాని మీద చేపముక్క పెట్టి అప్పటికప్పుడు అందించే ‘నిగిరి’ వచ్చింది. హనాయా యోహే అనే ఆయన దీనికి ఆద్యుడని చెబుతారు. పనికిపోయేవాళ్ళు నిలబడి చేత్తో తిని పోయే ఫలహారం అది. మన మిరపకాయ బజ్జీల బండి లాంటిదన్నమాట. ఈనాడు మసకదీపాల కింద, వీణానాదం లాంటి సంగీతం మధ్య మనం గుసగుసలాడుతూ తింటున్నది ఆ బండి తిండినే.

ఇంకో శుభవార్త. ఈ నిగిరిని చేత్తో తినడం జపానులో తప్పు కాదు సరిగదా, పూర్వపద్ధతి అదే. కాబట్టి పుల్లలతో కుస్తీపట్టి, అన్నం ముద్ద ఒళ్ళో పడేసుకుని సిగ్గుపడనక్కర్లేదు. సోయా పులుసులో చేప వున్న వైపు అద్దుకోవాలి; అన్నం వైపు అద్దితే విడిపోతుంది. పక్కన పెట్టే పల్చటి అల్లం ముక్కలు నంజుడుకి కాదు, వొక రకానికీ మరో రకానికీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి. ఆకుపచ్చటి ముద్ద వుందే, వసాబి, అది చట్నీ కాదు సుమండీ! మా అమ్మాయి హెచ్చరించేలోపల మా ఆవిడ ఉసిరికాయంత తీసి నోట్లో వేసుకుంది. రెండు నిమిషాలు మాట లేదు. అసలు వసాబి చాలా ఖరీదు. చాలాచోట్ల దాని పేరుతో పెట్టేది ఆవపిండిలా ముక్కుకెక్కే మరో దుంపకు ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద. గోంగూర, కొత్తావకాయ తిన్న నాలుకకి కారం కొత్తగాదు గాని, ఇది నాలుకను వదిలి నేరుగా ముక్కులోకి పోతుంది.

అన్నానికి చుట్టే నల్లటి రేకు సముద్రపు నాచు. దాని పేరు నోరి. దీని వెనక వొక మంచి కథ వుంది. జపానులో నాచు పండించేవారికి విత్తనం ఎక్కడుంటుందో తెలియదు. పండితే పండేది, లేకపోతే లేదు. 1949లో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞురాలు, ఈ జాతి నాచు తన జీవితంలో కొంతకాలం ఆల్చిప్పల్లో వేరే రూపంతో దాగి వుంటుందని కనిపెట్టింది. దాంతో జపానులో నాచు సేద్యం నిలబడింది. ఆవిడ 1957లో పోయింది. జపాను గడ్డ మీద ఎన్నడూ అడుగు పెట్టలేదు. అయినా అక్కడివారు 1963లో ఊతో అనే చోట ఆవిడకు స్మారకం కట్టి, ‘సముద్రమాత’ అని పిలుచుకుంటున్నారు.

ఇక పచ్చిచేప మాట. కొన్ని చేపల్లో పురుగులుంటాయి. అందుకనే జపానువాళ్ళు వొకప్పుడు తమ సముద్రపు సాల్మన్‌ను పచ్చిగా తినేవారు కారు. 1980లలో నార్వేవాళ్ళు వెళ్ళి, మా పెంపకపు చేపలో ఆ భయం లేదని నచ్చజెప్పిన మీదట సాల్మన్ సుషీ బల్ల ఎక్కింది. పచ్చిగా వడ్డించే చేపను సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో 7 రోజులుంచాలనీ, లేదా 35 డిగ్రీల దిగువన గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలుంచాలనీ అమెరికాలో నియమం. అలా చేస్తే పురుగులు చస్తాయి. సూక్ష్మజీవులన్నీ మాత్రం చావవు. అందుచేత, చేపల రేవులో తాజా చేప కొనుక్కొచ్చి ఇంట్లో సుషీ చేసేద్దాం అనే ఉత్సాహవంతులకు నా మనవి: వద్దు. తాజాదనం వేరు, పచ్చిగా తినదగిన గుణం వేరు. గర్భిణులూ, పసిపిల్లలూ, బాగా వృద్ధులూ, జబ్బు పడి లేచినవారూ పచ్చిచేప జోలికి పోకుండా వుడికించిన రొయ్యతోనో, కూరముక్కలతోనో చేసిన సుషీ తినడం మేలు.

శాకాహారులకు కూడా వొక మాట. దోసకాయ చుట్ట, అవకాడో చుట్ట భయం లేనివి. కాని జపాను పులుసుల్లో ‘దాషి’ అనే రసం పోస్తారు. దాన్ని చాలామట్టుకు ఎండబెట్టిన సూరజాతి చేపతో కాస్తారు. తాయిలాండు వంటల్లో చేప పులుసు, రొయ్యల ముద్ద పడతాయి. పట్టీలో ఆకుపచ్చ చుక్క వున్నా సరే, వడ్డించే అబ్బాయిని విడమరిచి అడగండి. అడగడానికి మొహమాటపడితే ఆనక ఇంటికొచ్చి బాధపడాలి.

జపానుకూ మన ఊరికీ పరిచయం సుషీతో మొదలైంది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా పెట్టే బేడా సర్దుకుని పల్లెలకు పరుగెత్తింది. ఆనాడు పేలకుండా పడిన బాంబొకటి బీచి రోడ్డు మీది విశాఖ మ్యూజియంలో వుంది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అదే జపాను సహకారంతో బైలడిల్లా కొండల నించి కొత్తవలసకు రైలుమార్గం వేసే పని మొదలైంది. ఆ కొండల ఇనుపరాయి మన రేవులో ఓడలెక్కి జపాను ఉక్కు కొలుముల్లోకి వెళ్ళింది. సుషీకి ప్రసిద్ధమైన పెద్ద సూరచేప మన తీరంలోనూ పడుతుంది. వంజరానికిచ్చే గౌరవం మనం సూరకి ఇవ్వం. అదే ఇప్పుడు ‘ట్యూనా’ అనే పేరుతో నల్లటి పళ్ళెంలో వచ్చి కూచుంటే ఫొటోలు తీసుకుంటున్నాం!

ఇలా నేను ఉపన్యాసం దంచుతుంటే మా అమ్మాయి పట్టీలో తరవాతి పేజీ పైకి చదవడం మొదలుపెట్టింది. చైనావి అయ్యాయి, తాయివి అయ్యాయి. “బర్మీస్ ఖావుస్వే, నాలుగువందల యాభై” అంది. అప్పటిదాకా కొంగు సర్దుకుంటూ మౌనంగా కూచున్న మా అత్తగారు తలెత్తారు.

“ఏటే అమ్మా, మళ్ళీ చదువు?”

అమ్మాయి చదివింది. “కొబ్బరిపాలలో నూడుల్స్ అట అమ్మమ్మా.”

“ఓన్-నో ఖావుస్వే. ఓన్ అంటే కొబ్బరికాయ. నో అంటే పాలు,” అన్నారావిడ మెల్లగా. “అది నాకు చెప్పు.”

మా అత్తగారు రంగూన్‌లో పుట్టారని మాకు తెలుసు. అంతకుమించి ఆవిడెప్పుడూ చెప్పలేదు. గిన్నె వచ్చింది. ఆవిడ రెండు పుల్లలూ అందుకుని, మాలో ఎవ్వరికీ చేతగాని పనిని, అతి సునాయాసంగా, నూడుల్స్ మెలిపెట్టి నోట్లో పెట్టుకున్నారు. మేం ముగ్గురం తినడం మానేసి చూస్తూ కూచున్నాం. “శనగపిండి వేపకండా కలిపీసేరు. పచ్చివాసనొస్తంది,” అన్నారు. “ఉల్లిపాయ ఇంకా ఎర్రగా ఏగాలి. నిమ్మకాయ పక్కన పెట్టాలి గాని, ముందే పిండీకూడదు.”

చదువరుల్లో చిన్నవారికి ఈ బర్మా సంగతి తెలియకపోవచ్చు. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో వొక భాగమే. గోదావరి జిల్లాల నించీ, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నించీ వేలాది మంది రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలికి వెళ్ళేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నించి ఓడలెక్కేవారు గనక తెలుగువాళ్ళని అక్కడ ‘కొరంగీలు’ అన్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1942లో జపాను సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు లక్షలమంది కాలినడకన, ఓడల మీద పారిపోయి వచ్చారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 మార్చిలో కొట్లు స్వాధీనం చేసుకున్నారు. మేలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. ఆ దశాబ్దంలో సుమారు 3 లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో వెనక్కి వచ్చేశారు. మన ఊళ్ళో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట వుంది చూడండి, ఆ పేరు అలా వచ్చిందే.

మా అత్తగారి తండ్రికి రంగూన్‌లో చిన్న కిరాణా కొట్టుండేది. కొట్టు పోయింది, డబ్బు చిత్తుకాగితాలయింది. ఓడలో వచ్చేనాటికి ఆవిడకు పదమూడేళ్ళు. క్యాంపులో ఆయనకు పని దొరకలేదు. అప్పుడు ఆవిడ తల్లి వొక డేకిసాలో ఈ ఖావుస్వే వండి, నెత్తిన పెట్టుకుని సాయంత్రాలు వీధిలో అమ్మేది. గిన్నె పావలా. గిన్నెలు కడగడం మా అత్తగారి వంతు. రెండేళ్ళు ఇల్లు దాని మీదే గడిచింది.

ఇదంతా ఆవిడ వొక్కసారి చెప్పలేదు. మధ్యలో ఆగి, “వీధిలో అమ్మిన సంగతి ఇప్పుడు అల్లుడుగారి ముందు ఎందుకులేవే,” అన్నారు కూతురితో. పెళ్ళయి క్వార్టర్సులోకి కాపురానికొచ్చాక వొకటి రెండుసార్లు వండారట. అందులోకి ‘ఙపి’ వేశారు. అంటే చేపల్నో రొయ్యల్నో ఉప్పువేసి పులియబెట్టి నూరిన ముద్ద. మన ఓనమాల్లో పనీపాటా లేకుండా కూచున్న ఙ అనే అక్షరం బర్మా వంటింట్లో రోజూ చాకిరీ చేస్తుంది. ఇరుగుపొరుగు ముక్కులు మూసుకుని, “బర్మావాళ్ళ కంపు” అన్నారట. మామగారు ఏమీ అనలేదు గాని, ఆవిడే మానేశారు. యాభై ఏళ్ళుగా ఆ వంట వండలేదు. కడుపున పుట్టిన కూతురికి కూడా దాని పేరు తెలియదు. మా ఆవిడ ఆ రాత్రి దోసకాయ చుట్టలు ముట్టుకోలేదు. తల్లి గిన్నెలోంచి తింటూ, “అమ్మా, ఇంకా చెప్పు” అంటూ కూచుంది.

ఆనాటి పావలా గిన్నె ఈనాడు నాలుగువందల యాభై అయిందని నేను వాపోవడం లేదు. హోటలువాడికి అద్దె వుంది, దీపాలున్నాయి, వంటవాడి జీతం వుంది. కాని వొక సంగతి మాత్రం ఆలోచించదగ్గది. అదే తిండిని బీదవాడు నెత్తిన మోసుకొచ్చి అమ్మితే కంపు అన్నాం. ఇంగ్లీషులో పట్టీ అచ్చువేసి అమ్మితే ఫ్యూజన్ అంటున్నాం. ముక్కు మారలేదు, మాటే మారింది.

ఏషియన్ ఫ్యూజన్ మనకు కొత్తదనుకోవడం కూడా సరికాదు. మిరపకాయ అమెరికా ఖండం నించి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. మనవాళ్ళు దానికి మిరియం పేరే తగిలించి మిరపకాయ అన్నారు, ఇప్పుడు అది లేని ఆంధ్రుడి భోజనం వూహించలేం. ఇది సంధి, అతుకు కనిపించదు. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటవాడు అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తాలింపులో సోయా పులుసు పోసి చికెన్ మంచూరియా సృష్టించాడని చెబుతారు. మంచూరియా దేశంలో మాత్రం దాని అయిపు లేదు. అది ఇవాళ మన ప్రతి వీధి చివరా బండి మీద వుంది. ఇది సమాసం. బర్మా క్యాంపు డేకిసా కూడా సమాసమే. కొబ్బరిపాలూ నూడుల్సూ అక్కడివి, శనగపిండీ అమ్మిన తల్లి పిలుపూ ఇక్కడివి. దాన్ని ఏ పాకశాస్త్రజ్ఞుడూ కూచుని కల్పించలేదు. ఆకలీ, అలవాటూ కలిపి వండాయి.

చదువరులారా, పిల్లలు పిలిస్తే సుషీ హోటలుకి తప్పకుండా వెళ్ళండి. తినండి, నచ్చకపోతే నచ్చలేదనండి. వెళ్ళేటప్పుడు మాత్రం ఇంట్లో పెద్దవారిని వెంట తీసుకుపోండి. వాళ్ళు తినరులే, వాళ్ళకేం తెలుసులే అనుకోకండి. పట్టీ మొత్తం పైకి చదివి వినిపించండి. బర్మాయే కానక్కర్లేదు, మలయా తోటలకి వెళ్ళినవారున్నారు, ఓడల మీద పనిచేసి సింగపూరు, యోకొహామా చూసినవారున్నారు. ఎవరి నాలుక మీద ఏ రేవు రుచి దాగివుందో మనకేం తెలుసు? వాళ్ళు చెబుతున్నప్పుడు పక్కనే కాగితమూ కలమూ వుంచుకోండి.

మా అమ్మాయి వొక నోటుబుక్కు కొంది. మొదటి పేజీలో రాసుకున్నది ఇది: శనగపిండిని పొడి మూకుట్లో సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేపాలి. చల్లారాక చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, అప్పుడు పులుసులో పోయాలి. కొబ్బరిపాలు ఆఖర్న. అవి పోశాక తెర్లనివ్వకూడదు. ఙపి విషయంలో అమ్మమ్మా మనవరాలూ ఇంకా సంప్రతింపుల్లో వున్నారు. పక్కింటివారికి మాత్రం ముందుగానే కబురు చేశాం, భోజనానికి.